వెన్నెముక ఆపరేషన్ తర్వాతా నొప్పి తగ్గలేదా? ఆదోని, ఎమ్మిగనూరు రోగులకు 30 రోజులు దాటాక దిక్కెవరు?

వెన్నెముక ఆపరేషన్ జరిగి నాలుగు నెలలైంది. కుట్లు మానాయి. డిశ్చార్జి కాగితాలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. కానీ నడుములో పోటు పోలేదు. పిరుదు నుంచి పిక్క దాకా కాలు లాగుతూనే ఉంది. మగ్గం గుంటలో అరగంట కూర్చుంటే పాదం మొద్దుబారుతోంది.

ఎమ్మిగనూరులో ఒక నేత కార్మికుడి పరిస్థితి ఇలా ఉందనుకుందాం. ఇప్పుడు ఆయన ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆపరేషన్ చేసిన ఆసుపత్రికా? సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని కర్నూలు పెద్దాసుపత్రికా? వీధి చివర సూది వేసే ఆర్ఎంపీ దగ్గరికా? మళ్లీ స్కానింగ్ తీయించుకుంటే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ఆపరేషన్‌కు ప్రభుత్వ పథకం ఉంది. ఆపరేషన్ తర్వాత కూడా మిగిలిపోయే నొప్పికి మాత్రం స్పష్టమైన దారి కనిపించదు. ఈ ఖాళీ ఎక్కడుంది, ఉన్నంతలో రోగి కుటుంబం ఏం చేయవచ్చు, ప్రభుత్వం ఏం మార్చవచ్చు అన్నది ఈ కథనంలో చూద్దాం.

ముందుగా: ఈ లక్షణాలుంటే ఆగొద్దు

మిగతా వివరాల్లోకి వెళ్లే ముందు ఇది తెలుసుకోవాలి. ఆపరేషన్ అయినవారికైనా, కానివారికైనా ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అవసరమైతే 108కు ఫోన్ చేయాలి.

• మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండానే మూత్రం, మలం పోవడం
• తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం
• ఒక కాలు లేదా రెండు కాళ్లు బలహీనపడటం, పాదం పైకి లేవక చెప్పు జారిపోవడం
• ఆపరేషన్ తర్వాత జ్వరం, గాయం నుంచి చీము లేదా నీరు కారడం, రాత్రిపూట పెరిగే తీవ్రమైన నడుము నొప్పి

మొదటి మూడూ నరాలపై తీవ్రమైన ఒత్తిడికి గుర్తులు. గంటలు గడిచేకొద్దీ నష్టం శాశ్వతమయ్యే ప్రమాదం ఉంటుంది. చివరిది ఇన్ఫెక్షన్‌కు సంకేతం కావచ్చు.

ఈ నొప్పికి పేరుందా?

ఉంది. చాలాకాలం దీన్ని 'ఫెయిల్డ్ బ్యాక్ సర్జరీ సిండ్రోమ్' అన్నారు. ఆ పేరు వింటే ఆపరేషన్ చేసిన డాక్టరో, చేయించుకున్న రోగో విఫలమయ్యారన్న అర్థం వస్తుంది. నిజానికి ఆపరేషన్ సరిగ్గా జరిగినా కొందరిలో నొప్పి మిగిలిపోతుంది. అందుకే 2021లో నిపుణుల బృందం ఒకటి 'పర్సిస్టెంట్ స్పైనల్ పెయిన్ సిండ్రోమ్ - టైప్ 2' అనే కొత్త పేరు ప్రతిపాదించింది. ఆపరేషన్ తర్వాత కూడా కొనసాగే వెన్ను నొప్పి అని దాని అర్థం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో శస్త్రచికిత్స తర్వాతి దీర్ఘకాలిక నొప్పికి విడిగా చోటు ఇచ్చారు. మానాల్సిన కాలం దాటాక కూడా, అంటే కనీసం మూడు నెలలకు పైగా కొనసాగే నొప్పిని ఇలా లెక్కిస్తారు.

ఇది ఎంతమందిలో వస్తుంది? నడుము ఆపరేషన్లపై వచ్చిన పరిశోధన పత్రాల్లో తరచూ కనిపించే అంకె 10 నుంచి 40 శాతం. ఏ ఆపరేషన్, ఎలాంటి రోగి, ఎంత నొప్పిని లెక్కలోకి తీసుకున్నారు అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. ఎటు చూసినా ఇది అరుదైన సమస్య కాదు.

ఆపరేషన్ బాగానే జరిగితే నొప్పి ఎందుకు?

కారణం అందరిలో ఒకటే కాదు. దాన్ని కనిపెట్టకుండా చేసే చికిత్స చీకట్లో రాయి వేసినట్టే.

ఒకటి, ఆపరేషన్ దేనికి చేశారన్నది. డిస్క్ జారి నరాన్ని నొక్కుతుంటే, ఆ ముక్క తీసేసే ఆపరేషన్ ప్రధానంగా కాలు నొప్పి కోసం చేసేది. ఏళ్ల తరబడి అరిగిన కీళ్లు, కండరాల వల్ల వచ్చే నడుము నొప్పి దానితో పోతుందన్న హామీ ఉండదు. కాలు లాగుడు పోయి నడుము నొప్పి మిగిలితే, ఆపరేషన్ తన పని తాను చేసినట్టే కావచ్చు. ఈ తేడా రోగికి ముందే చెప్పకపోతే ఆపరేషన్ విఫలమైందనే అనుకుంటారు.

రెండు, నరం అప్పటికే దెబ్బతిని ఉండటం. నెలల తరబడి నలిగిన నరం, ఒత్తిడి తీసేసినా పూర్తిగా కోలుకోకపోవచ్చు. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు ఉండటం దాని లక్షణాలు.

మూడు, అదే చోట డిస్క్ మళ్లీ జారడం, లేదా నరం బయటికి వచ్చే దారి ఇంకా ఇరుగ్గా ఉండటం. రాడ్లు, స్క్రూలు వేసి ఎముకలు బిగిస్తే వాటి పక్కనున్న పూసలపై భారం పెరగవచ్చు.

నాలుగు, ఆపరేషన్ చేసిన చోట నరం చుట్టూ మచ్చ కణజాలం పెరగడం. ఇది చాలామందిలో ఉంటుంది కానీ అందరిలో నొప్పి తేదు. అందుకే స్కానింగ్‌లో మచ్చ కనిపించిందంటే నొప్పికి కారణం అదేనని చెప్పలేం.

ఐదు, అసలు మూలం వెన్నులో కాకుండా మరోచోట ఉండటం. తుంటి కీలు అరుగుదల, కటి కీలు నొప్పి, మధుమేహం వల్ల పాదాల మంటలు వెన్ను సమస్యలాగే అనిపిస్తాయి.

నొప్పి ఎక్కువకాలం ఉంటే నాడీ వ్యవస్థే దానికి అలవాటుపడి, చిన్న కదలికకు కూడా పెద్ద నొప్పిగా స్పందించడం మొదలుపెడుతుంది. నిద్రలేమి, అప్పుల బెంగ, పని పోతుందన్న భయం దాన్ని ఇంకా పెంచుతాయి. నొప్పి 'మనసులోదే' అని దీని అర్థం కాదు. నొప్పి నిజమే. చికిత్స మాత్రం వెన్నుపూస ఒక్కదానికే చేస్తే సరిపోదు.

30 రోజులు ఒకవైపు, మూడు నెలలు మరోవైపు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఒక చికిత్సకు ఒక ప్యాకేజీ అన్నది దాని పద్ధతి. పథకం నిర్వచనం ప్రకారం నగదు రహిత సేవలో పరీక్షలు, ఆపరేషన్, బస, భోజనంతో పాటు డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు ఉంటాయి. డిశ్చార్జి అయిన 30 రోజుల్లోపు తలెత్తే సమస్యలకు చికిత్స కూడా అందులోనే.

కానీ ఆపరేషన్ తర్వాతి నొప్పిని 'దీర్ఘకాలికం' అని వైద్యులు గుర్తించేదే మూడు నెలల తర్వాత. అంటే ఈ సమస్యకు పేరు పెట్టే రోజుకు ప్యాకేజీ బాధ్యత ముగిసి రెండు నెలలవుతుంది.

ఆసుపత్రి లెక్కలో ఆపరేషన్ పూర్తయింది, బిల్లు వెళ్లింది. ఆ రోగి మళ్లీ మగ్గం ఎక్కాడా, మూట ఎత్తగలుగుతున్నాడా అని ఆరు నెలల తర్వాత అడిగే గడి ఆ బిల్లులో ఉండదు. మళ్లీ ఆపరేషన్ చేస్తే కొత్త ప్యాకేజీ వర్తించవచ్చు. ఆపరేషన్ అక్కర్లేదు, మూడు నెలలు వ్యాయామం, మందుల సర్దుబాటు, కౌన్సెలింగ్ చాలు అంటే అది చాలావరకు ఓపీ పని. దానికి బస్సు చార్జీ, కూలి నష్టం రోగివే. డబ్బు వెళ్లే దారి కత్తి వైపే ఉన్నప్పుడు, కత్తి అక్కర్లేని వైద్యం వెనకబడుతుంది.

పశ్చిమ ప్రాంతంలో ఈ భారం ఎందుకు ఎక్కువ?

2011 జనగణన ప్రకారం ఆదోని పట్టణ జనాభా సుమారు 1.66 లక్షలు, ఎమ్మిగనూరు జనాభా సుమారు 95 వేలు. చుట్టుపక్కల మండలాల ప్రజలకూ ఈ రెండు పట్టణాలే వైద్యానికి తొలి మెట్టు.

ఇక్కడి పనులు నడుము మీద ఆధారపడినవి. ఆదోని పత్తి మార్కెట్‌లో హమాలీలు బోరాలు మోస్తారు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేత కార్మికుల సహకార సంఘం పెట్టిన నాటికే మగ్గం ఈ ఊరి జీవనాధారం. గుంట మగ్గంలో కాళ్లు కిందికి వదిలి, ముందుకు వంగి, రెండు పాదాలతో తొక్కుతూ గంటల తరబడి కూర్చోవాలి. వానలు మొహం చాటేసిన ఏడాది పల్లెలకు పల్లెలే సుగ్గికి బయల్దేరతాయి. గుంటూరు వైపు మిరప కోతకు, తెలంగాణలో పత్తి తీతకు, బెంగళూరులో భవన నిర్మాణానికి వెళ్తారు.

డాక్టర్ 'మూడు నెలలు బరువులు ఎత్తొద్దు, వంగొద్దు' అంటారు. నెల జీతం ఉన్నవారికి అది సెలవు, వీరికి పస్తు. అందుకే చాలామంది నొప్పితోనే ముందుగా పనిలోకి దిగుతారు. మరికొందరు మళ్లీ డిస్క్ జారుతుందన్న భయంతో మంచం దిగరు. రెండూ నష్టమే.

సుగ్గికి వెళ్లిన మనిషి ఫాలోఅప్‌కు రావడమూ కష్టమే. ఆపరేషన్ కర్నూలులో, కాగితాలు ఊళ్లో, మనిషి బెంగళూరులో ఉంటారు. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. బళ్లారి, రాయచూరు అంతకంటే దగ్గర కాబట్టి చాలామంది అటు వెళ్తారు. అయితే అవి కర్ణాటకలో ఉన్నాయి. వెళ్లే ఆసుపత్రి ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్‌లో ఉందో లేదో 104కు ఫోన్ చేసి ముందే తెలుసుకోకపోతే బిల్లు మొత్తం చేతి నుంచే కట్టాల్సి రావచ్చు.

మళ్లీ ఆపరేషన్ చేయించుకోవాలా?

స్పష్టమైన కారణం దొరికితే చేయించుకోవచ్చు. డిస్క్ మళ్లీ జారి, నొప్పి ఉన్న కాలికీ స్కానింగ్‌లో కనిపించిన నరానికీ పొంతన కుదిరితే, లేదా స్క్రూ నరానికి తగులుతుంటే, ఎముక అతకకపోతే రెండో ఆపరేషన్‌కు అర్థం ఉంటుంది. కారణం తెలియకుండా 'ఒకసారి తెరిచి చూద్దాం' అంటే జాగ్రత్తపడాలి. ఆపరేషన్ల సంఖ్య పెరిగేకొద్దీ మేలు జరిగే అవకాశం తగ్గుతుందని ఈ రంగంలో దశాబ్దాల అనుభవం చెబుతోంది.

ఆపరేషన్ అయిన వెన్నుకు ఎంఆర్ఐ తీసేటప్పుడు, మచ్చ కణజాలానికీ మళ్లీ జారిన డిస్క్‌కూ తేడా తెలియడానికి కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీయడం ఉపయోగపడుతుంది. కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పాలి. కాంట్రాస్ట్ లేకుండా ఒకసారి, కాంట్రాస్ట్‌తో మరోసారి అంటూ రెండుసార్లు ఖర్చు పడకుండా ఈ మాట ముందే అడగాలి.

మొదటి ఆపరేషన్ ఇంకా జరగని వారికీ ఒక మాట. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిపై జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి త్వరగా తగ్గింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు బృందాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆగి చూసిన వారిలో 39 శాతం మందికి మధ్యలో ఆపరేషన్ అవసరమైంది. కాళ్ల బలహీనత, మూత్ర సమస్య లాంటి ప్రమాద సూచనలు లేకపోతే కొన్ని వారాలు ఆగి నిర్ణయం తీసుకునే వెసులుబాటు చాలామందికి ఉందని దీని అర్థం.

ఏది పనిచేస్తుంది, ఏది డబ్బు దండగ?

వ్యాయామం, నడక: ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలను క్రమంగా పెంచుకుంటూ పోవడమే చికిత్సకు పునాది. నొప్పి పూర్తిగా పోయాక కదులుదాం అనుకుంటే కండరాలు ఇంకా బలహీనపడతాయి. 'నొప్పి సున్నా కావాలి' అన్నదానికంటే 'ఈ నెల బజారు దాకా నడవాలి, వచ్చే నెల గంట సేపు మగ్గం మీద కూర్చోవాలి' అన్న లక్ష్యం మేలు.

బెల్టు: దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. నడుము బెల్టులు, ట్రాక్షన్, ఓపియాయిడ్ మందులను రోజువారీ చికిత్సగా వాడొద్దని, వ్యాయామం, అవగాహన, మానసిక మద్దతుకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఇవి నిర్దిష్ట కారణం తెలియని నడుము నొప్పికి ఉద్దేశించినవి. ఆపరేషన్ తర్వాత సర్జన్ బెల్టు రాస్తే ఎన్ని వారాలు వాడాలో అడిగి, అంతవరకే వాడాలి.

మందులు: మంట, తిమ్మిరి ఉన్నవారికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ రాస్తుంటారు. అందరికీ పనిచేయవు. ఆస్ట్రేలియాలో 209 మంది సయాటికా రోగులపై చేసిన అధ్యయనంలో ప్రీగాబాలిన్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదని 2017లో తేలింది. గుణం కనిపించకపోతే ఏళ్ల తరబడి మింగకుండా డాక్టర్‌తో మాట్లాడాలి. ఒక్కసారిగా మాత్రం ఆపకూడదు.

ఊళ్లో సూది: పేరు తెలియని సూదితో ఆ పూటకు హాయిగా ఉండొచ్చు. అందులో స్టెరాయిడ్ ఉంటే పదేపదే వాడటం వల్ల షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఎక్కువైతే కడుపులో పుండ్లు, కిడ్నీకి ముప్పు. ఏ సూది వేస్తున్నారో చీటీ రాసివ్వమని అడగండి.

స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్: వెన్నులో అమర్చే ఈ పరికరానికి లక్షల రూపాయలవుతాయి. సరిగ్గా ఇలాంటి రోగులు 50 మందిపై నార్వేలో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. అందులో ఒక రకం స్టిమ్యులేషన్‌కూ, పరికరం ఆపి ఉంచడానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇతర రకాలపై చర్చ సాగుతోంది. పొలం అమ్మి పెట్టించుకునే ముందు మరో నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి.

కాగితాలు ఎలా సంపాదించాలి?

రెండో డాక్టర్ మొదట అడిగేది 'అసలు ఏ ఆపరేషన్ చేశారు?' అని. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే సరిపోకపోవచ్చు. ఏ పూసల మధ్య, ఏ వైపు, ఏం తీశారో చెప్పే ఆపరేషన్ నోట్స్, ముందూ వెనకా తీసిన స్కానింగ్‌లు కావాలి.

వీటిని అడగడం రోగి హక్కు. 2002 నాటి వైద్యుల వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. మూడేళ్ల పాటు భద్రపరచాలి. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మీరు నగరంలో ఉండి తల్లిదండ్రులు ఊళ్లో ఉంటే ప్రతి కాగితాన్నీ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

నెట్‌వర్క్ ఆసుపత్రిలోని వైద్యమిత్రను రెండు ప్రశ్నలు అడగండి. 30 రోజుల గడువు ఏ తేదీతో ముగుస్తుంది? ఈ ఆపరేషన్‌కు ఫాలోఅప్ ప్యాకేజీ ఉందా? కొన్ని చికిత్సలకు పథకంలో అలాంటివి విడిగా ఉన్నాయి. గడువులోపు నొప్పి తగ్గకపోతే, తగ్గలేదన్న విషయాన్ని ఓపీ చీటీలో రాయించుకోండి. తర్వాత ఏ ఫిర్యాదుకైనా అదే ఆధారం.

నొప్పి మిగిలింది కాబట్టి వైద్య నిర్లక్ష్యం జరిగిందని అనుకోవడానికి మాత్రం లేదు. ఫలితం బాగా రాకపోవడమే నిర్లక్ష్యం కాదని, తగిన నైపుణ్యం, జాగ్రత్త చూపారా లేదా అన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో స్పష్టం చేసింది.

పింఛను వస్తుందా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో దీర్ఘకాలిక నొప్పి విడిగా లేదు. కాలి బలహీనత, కదలికల్లో లోపం శాశ్వతంగా ఉంటే చలన వైకల్యం కింద సదరం పరీక్షకు వెళ్లవచ్చు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరిస్తేనే పింఛనుకు అర్హత. 2024 జులై నుంచి ఈ పింఛను నెలకు 6,000 రూపాయలు. నొప్పితో పని చేయలేకపోయినా బలం, కదలిక కొలతల్లో ఆ స్థాయికి రానివారు పనికీ, పింఛనుకూ మధ్య ఉండిపోతారు.

ప్రభుత్వం ఏం మార్చవచ్చు?

ఇప్పుడు అడగడానికి సమయం కుదిరింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆరోగ్య పథకాన్ని బీమా, ట్రస్టు కలిసిన హైబ్రిడ్ పద్ధతిలోకి మార్చేందుకు ఆమోదం తెలిపింది. దీని ప్రకారం 2.5 లక్షల రూపాయల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు భరిస్తాయి. ఆ తర్వాతి నెలలోనే బకాయిలు చెల్లించాలంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. పరిమితి ఎన్ని లక్షలు, బకాయి ఎన్ని కోట్లు అన్నదాని చుట్టూనే చర్చ తిరిగింది. వెన్ను రోగికి తేడా తెచ్చేది మాత్రం ఒప్పందంలోని గడువు.

మొదటిది, వెన్నెముక ఆపరేషన్లకు కనీసం ఆరు నెలల ఫాలోఅప్ ప్యాకేజీ. అందులో ఫిజియోథెరపీ, అవసరమైతే ఒక ఎంఆర్ఐ ఉండాలి. ప్యాకేజీ సొమ్ములో కొంత భాగాన్ని మూడో నెల, ఆరో నెల సమీక్ష పూర్తయ్యాకే చెల్లిస్తే ఆసుపత్రులే రోగికి ఫోన్ చేస్తాయి.

రెండోది, దగ్గరలో సేవ. గ్రామ స్థాయి క్లినిక్‌లలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు, ఈ-సంజీవని టెలివైద్యం ఇప్పటికే ఉన్నాయి. నెలకో రోజు కర్నూలు న్యూరోసర్జరీ, ఫిజియోథెరపీ విభాగాలను ఆ తెరపైకి తెస్తే, ప్రతి సమీక్షకూ కోసిగి నుంచి కర్నూలు దాకా బస్సెక్కే పని తప్పుతుంది. ప్రమాద లక్షణాల జాబితా ఆశా కార్యకర్త చేతిలోనూ ఉండాలి.

మూడోది, ఆదోని మెడికల్ కాలేజీ. 2021 మేలో శంకుస్థాపన జరిగిన ఈ కాలేజీ, 2025లో పీపీపీ విధానంలోకి మార్చాలని నిర్ణయించిన పదింటిలో ఉంది. దాన్ని ప్రభుత్వమే నడపాలా, ప్రైవేటుకు ఇవ్వాలా అన్న వాదన రాజకీయంగా సాగుతోంది. ఎవరు నడిపినా, ఫిజియోథెరపీ, నొప్పి చికిత్స ఓపీ అక్కడ ఉచితంగా ఉంటాయా అన్న ప్రశ్నకు ఒప్పంద పత్రంలోనే జవాబు ఉండాలి.

నాలుగోది, లెక్క. ఎన్ని ఆపరేషన్లు చేశామో పథకానికి తెలుసు. ఆరు నెలల తర్వాత వారిలో ఎందరు పనిలోకి వెళ్లారో కూడా నమోదు చేసి, ఆసుపత్రుల వారీగా బయటపెట్టాలి. అప్పుడు ఏ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకోవాలన్నది ఎమ్మిగనూరు నేత కార్మికుడు తెలిసి తీసుకునే నిర్ణయమవుతుంది.